ముప్పై నాలుగు పాయింట్ ఆరు

పర్లాకిమిడి బస్టాండు వెనక
రైలు గేటుకి ఇవతల
నా షెడ్డు ముందు బొలెరో ఆపి
ఇస్రాయేలు రైతో దిగాడు.
"కాశీనగరం వోడు ఫుల్లుగా తిప్పీసినాడు బావు,
మూడు వారాలకే పెట్టి మూగబోనాది."

వూఫరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
కాలిన వార్నీషు వాసన.
వాయిస్ కాయిల్ నల్లబడ్డాక
తెలుగులో అడిగినా సవరలో అడిగినా
అది పలకదు.

ఇతను రాత్రిళ్ళు గుమ్మా ఘాటీ ఎక్కుతాడు,
జీడిపిక్కల బస్తాలతో, ఒక్కడే.
మలుపు మలుపుకీ కునుకు కాసుకుని కూర్చుంటుందట.
పాట చెవికి కాదు, వీపుకి తగలాలి.
సీటు వెనక ఎవరో కూర్చుని
అరచేత్తో చరుస్తున్నట్టుండాలి.
"అందుకే గదా ఫుల్లు పెట్టమన్నాను!"

స్క్రూడ్రైవరు అందుకోలేదు నేను.
ముందు టీ తెప్పించాను.

చూడు నాయినా,
ఆంప్లిఫైరు మీద ఈ చిన్న మర ఉందే,
ఇది సౌండు కాదు.
సౌండుకి స్టీరియోలో గుండ్రం వేరే ఉంది.
లోపలికొచ్చిన మాటని ఎంతలో వినాలో
ఆ ఒప్పందం ఇది.
అవతలివాడు గుసగుసలాడితే చెవి ఒగ్గుతాం,
కేకేస్తే తల వెనక్కి తీసుకుంటాం,
అంతే.
పెంచుకుంటూ పోయావనుకో,
అల లేచీ లేచీ కప్పుకి కొట్టుకుంటుంది.
తల తెగిన అల కిందికి దిగదు.
అక్కడే చదునుగా నిలబడి
కాయిల్ని కాలుస్తుంది.
నువ్వు దాన్ని బేస్ అనుకుంటావు.

అతను టీ గ్లాసులోకి చూస్తూ
"ఊఁ" అన్నాడు.
నమ్మిన ఊఁ కాదది.

కొత్త వూఫరు పెట్టెలో కూర్చోబెట్టాను.
బేస్ బూస్ట్ సున్నా. ఈక్వలైజరు చదును.
స్టీరియో నలభైలో ముప్పై.
స్పీకరు వైర్లు ఊడదీసి పక్కన పడేశాను.
ఇంజను ఆపొద్దన్నాను,
బ్యాటరీ ఒక్కదాని మాట మీద లెక్క కట్టకూడదు.
పెన్‌డ్రైవులో యాభై హెర్ట్‌జ్ మోత పెట్టాను.
వైర్లు లేవు గనక
అది ఎవరికీ వినపడదు.
మీటరు ఒక్కటే వింటుంది.

మూడు వందల వాట్లు, నాలుగు ఓమ్‌లు,
గుణిస్తే పన్నెండు వందలు.
దాని వర్గమూలం షెడ్డు తలుపు మీద సుద్దతో కట్టాను.
తెలుగింటివాణ్ణే అయినా
లెక్క నేర్పింది ఒడియా బడిలో పాణిగ్రాహి మాస్టారు,
నా నోట్లో అంకెలన్నీ ఇప్పటికీ ఆయనవే.
చఉతిరిశ దశమిక ఛఅ.
"ముప్పై నాలుగు పాయింట్ ఆరు," పైకి అన్నాను.

ఇరవై ఒకటి.
ఇరవై ఎనిమిది.
నా భుజం మీంచి వంగి
"ఇంకా, ఇంకా" అంటున్నాడు,
బస్సు వెనక్కి తీయిస్తున్న క్లీనరులా.
ముప్పై రెండు. ముప్పై నాలుగు.
వెంట్రుకంత.
చెయ్యి తీసేశాను.

"మర సగమే తిరిగింది గదా!"
దాని నిండు అంతే, అన్నాను.

మర నెత్తిన ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టాను,
కదిలిస్తే పగిలేలా.
ఆ సీసా ఫ్యాన్సీ షాపులో అడిగేటప్పుడు
ఇన్నేళ్ళయినా నాకు సిగ్గే.

వైర్లు కలిపి పాట పెట్టాను.
పక్క టీ కొట్లో గ్లాసులు గలగలమనలేదు.
బానెట్టు మీది వానచుక్కలు మాత్రం
ఒక్కో దరువుకీ వణికి, జరిగి,
ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి.
అతను సీటుకి వీపు ఆనించాడు,
చాలాసేపు తీయలేదు.
డబ్బులిచ్చేటప్పుడు యాభై తగ్గించాడు,
సౌండు తగ్గించావు గనక, అన్నాడు.

కార్తీకంలో మళ్ళీ వచ్చాడు,
హారన్ ఫ్యూజు పోయిందని.
పనిలో పనిగా ఆంప్లిఫైరు మూత ఎత్తి చూశాను.
ఎర్ర చుక్క పక్కన
చాకు మొనతో గీసిన గీత,
బియ్యపుగింజలో సగం పొడుగు.
చుక్కకి ఆనుకుని ఆగింది.
చుక్క పగల్లేదు.

ఏ మలుపులో తీశాడో చాకు,
ఏం విని ఆపాడో.
నేనడగలేదు, అతను చెప్పలేదు.
ఫ్యూజు మార్చి
ఇరవై తీసుకున్నాను.